గుండె బాగుంది, మరి బిడ్డ గొంతెందుకు రావట్లేదు?

(స్క్రీన్: తిరుపతి, ఆసుపత్రి వరండా)

2021లో టీటీడీ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచాక, పలమనేరు, పుంగనూరు వాళ్ళకు పసిబిడ్డ గుండె ఆపరేషన్ కోసం చెన్నైకో బెంగళూరుకో పరిగెత్తే తిప్పలు కొంత తగ్గాయి. ఇక్కడైనా, ఎక్కడైనా ఆపరేషన్ అయ్యాక కొందరు అమ్మలకు ఒక భయం పట్టుకుంటుంది. వెంటిలేటర్ గొట్టం తీశారు, బిడ్డ నోరు తెరిచి ఏడుస్తోంది, శబ్దం మాత్రం లేదు. "కుట్లు నొప్పేమో" అంటుంది అమ్మమ్మ. కుట్లకూ దీనికీ సంబంధం లేదు.

(యానిమేషన్: గాలిదారి)

ఒక కారణం వాపు. పసిబిడ్డకు స్వరపేటిక కింద గాలిదారి దాదాపు 4 మిల్లీమీటర్లే. గొట్టం ఒరుసుకుని చుట్టూ 1 మిల్లీమీటరు వాచిందంటే దారి నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి పీల్చినప్పుడల్లా కీచుమంటుంది, డొక్కలెగరేస్తుంది. అడ్రినలిన్ నెబ్యులైజేషన్, స్టెరాయిడ్‌తో చాలామందికి సర్దుకుంటుంది. కొందరికి మళ్ళీ గొట్టం వేయాలి.

రెండోది నరం. నన్నడిగితే ఎక్కువ చెప్పుకోవాల్సింది దీని గురించే. ఎడమ స్వరతంత్రిని, అంటే గొంతులో శబ్దం పుట్టించే మడతని, కదిలించే నరం తిన్నగా గొంతుకు పోదు. ఛాతీలోకి దిగి, బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) వంపు కిందుగా చుట్టి, మళ్ళీ పైకెక్కుతుంది. పీడీఏ, అంటే పుట్టాక మూసుకోవాల్సింది తెరుచుకునే ఉండిపోయిన రక్తనాళం, దాన్ని మూసేటప్పుడు, బృహద్ధమని వంపు సరిచేసేటప్పుడు సర్జన్ పనిచేసేది ఆ పక్కనే. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి నరం దెబ్బతింటుంది.

గొంతు బొంగురుపోవడం ఒక ఎత్తు, పాల బాధ ఇంకో ఎత్తు. మింగేటప్పుడు మూసుకోవాల్సిన గాలిదారి సరిగా మూసుకోదు, పాలు అటు జారతాయి.

(దగ్గరగా: అమ్మ ఒళ్ళో బిడ్డ)

నాలుగు గుక్కలు తాగి పొలమారుతుంది. కొందరు బిడ్డలైతే దగ్గనే దగ్గరు, తాగాక గొంతులో గురగుర మాత్రం వినిపిస్తుంది. మాటిమాటికీ నెమ్ము చేస్తుంది. దిష్టి తీస్తారా, తీసుకోండి. ఉగ్గుగిన్నెతో బలవంతంగా పాలు పోయడం మాత్రం ఆపండి. ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి స్వరతంత్రులు చూస్తారు. అవసరమైతే కొన్నాళ్ళు ముక్కు ట్యూబుతో పాలు పట్టిస్తారు. నరం కొందరికి నెలల్లో తేరుకుంటుంది, కొందరికి తేరుకోదు.

డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే, ఊపిరి పీల్పించే కండరం) నరం దెబ్బతిన్నా ఊపిరి కష్టమే. అది అల్ట్రాసౌండ్‌లో తెలిసిపోతుంది.

డిశ్చార్జ్ రోజు మందుల చీటీ తీసుకుని వచ్చేయకండి. "స్వరతంత్రులు కదులుతున్నాయా సార్? పాలు ఎట్లా పట్టాలి?" అని అడగండి. బిడ్డ ఏడుపు ఫోన్‌లో రికార్డు చేసి రివ్యూలో వినిపించండి. పెదాలు నీలం తిరిగినా, డొక్కలెగరేసినా రివ్యూ తేదీ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.