కొనేముందు బయటికి దారి చూసుకోండి
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గ్రంథాలయంలో పుస్తకాల గురించి కాకుండా ఫోన్ల గురించి ఉపన్యాసమేమిటని ముందు వరుసలో పెద్దలు కొందరు మొహమాటంగా నవ్వుతున్నారు. పుస్తకాల దగ్గరికీ వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

నాకు గాడ్జెట్ల పిచ్చి ఉందని తెలిసినవాళ్ళంతా అడిగేది ఒకటే: "ఇరవై వేలలో మంచి ఫోను చెప్పండి." నేను ఎదురు అడుగుతాను: "ఎన్నాళ్ళు వాడదామని?" చాలామంది దగ్గర దానికి జవాబుండదు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, ర్యామ్ ఎంత, అరగంటలో చార్జింగ్ ఎక్కుతుందా, ఇవన్నీ మొదటి వారం ముచ్చట్లు. పొలం కొనేవాడు మట్టి ఎంత బాగున్నా సరే, బండి పోయే దారి ఉందో లేదో తేల్చుకోకుండా బయానా ఇవ్వడు. ఫోనయినా, యాపయినా, ఫొటోలు దాచుకునే చోటయినా నేను ముందు చూసేది అదే. రేపు ఇందులోంచి నా సామాను తీసుకుని బయటపడాలంటే వీలవుతుందా, అవదా?

ముందు వస్తువు సంగతి. ఫోను పూర్తిగా చచ్చిపోయాక మార్చేవాళ్ళు తక్కువ. బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందనో, అప్‌డేట్లు ఆగిపోయి బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదనో మారుస్తారు. 2023 అక్టోబరులో పిక్సెల్ 8 తెచ్చినప్పుడు గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 తెచ్చినప్పుడు శాంసంగ్, ఏడేళ్ళపాటు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఆ మాట ప్రతి మోడల్‌కీ వర్తించదు. పైగా గడువు లెక్క ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి, మీరు కొన్న నాటి నుంచి కాదు. దసరా ఆఫర్లో రెండేళ్ళ కిందటి మోడల్ చవగ్గా దొరికిందంటే, దాని ఆయుష్షులో రెండేళ్ళు షోరూములోనే అయిపోయాయన్నమాట. ధర చూసి సంబరపడే ముందు ఈ లెక్క కూడా వేసుకోండి.

బ్యాటరీకి పడనివి రెండు: వేడి, నిండా ఎక్కించి గంటల తరబడి అలాగే ఉంచడం. చుట్టూ వేడి 35 డిగ్రీలు దాటని చోటే ఐఫోన్ వాడమని ఆపిల్ సంస్థే రాసి పెట్టింది. మన రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఆ 35 మధ్యాహ్నం కాకముందే దాటిపోతుంది. డెలివరీ కుర్రాళ్ళు ఫోన్ను హ్యాండిల్‌కి బిగించి, నడినెత్తి ఎండలో, మ్యాప్ నడుపుతూ, చార్జింగ్ కూడా పెట్టుకుని తిరుగుతారు. వాళ్ళకి వేరే గతి లేదు. మనకుంది. రాత్రంతా ప్లగ్గులో వదిలేసే అలవాటున్నవాళ్ళు, ఇప్పుడు చాలా ఫోన్లలో చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంది, అది పెట్టుకోండి. చార్జర్ల గొడవ మాత్రం దాదాపు తీరిపోయింది. ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జరు ఉండాలని యూరప్ వాళ్ళు చట్టం చేసి కూర్చుంటే 2023లో ఐఫోన్ 15కి కూడా టైప్ సి వచ్చింది. ఎవరో ఎక్కడో పట్టుబట్టినందుకు మన సొరుగులో ఒక వైరు తగ్గింది.

కంప్యూటర్లకూ ఇదే కథ. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కొత్త తరానిది కావాలి. నిక్షేపంలా నడుస్తున్న యంత్రాలెన్నో ఆ షరతుల దగ్గర ఆగిపోయాయి. అలాంటి వాటిని పాత సామాన్ల వాడికి వేసే ముందు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూడండి. బ్రౌజరు, ఈమెయిలు, రాతపనికి లిబ్రెఆఫీసు, తెలుగు టైపింగు, ఒక గ్రంథాలయానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ప్రింటరు ఒక్కటి ముందే పరీక్షించుకోండి, లినక్స్‌తో సహనం పరీక్షించే వస్తువేదైనా ఉందంటే అదే.

వస్తువు పోతే డబ్బు పోతుంది. సర్వీసు పోతే జ్ఞాపకాలు పోతాయి. ఈ గదిలో ముప్పై దాటినవాళ్ళలో ఆర్కుట్ అనే గూగుల్ వాళ్ళ స్నేహాల సైటు వాడనివాళ్ళు తక్కువే ఉంటారు. 2014 జూన్ ఆఖర్న మూసేస్తున్నామన్నారు, సెప్టెంబరు 30న మూసేశారు. స్నేహితులు రాసిన టెస్టిమోనియల్స్ ఎంతమంది దింపుకుని దాచుకున్నారు? వెబ్‌సైట్లలో కొత్తగా వచ్చే రాతలను ఒకేచోట చదివించిన గూగుల్ రీడర్ అంతకుముందే, 2013 జులైలో పోయింది. మన దేశంలో పుట్టి తెలుగులోనూ నడిచిన, ట్విటర్ లాంటి కూ 2024లో మూతపడింది. గూగుల్ ఫొటోస్ 2015లో వచ్చినప్పుడు ఎన్ని ఫొటోలైనా ఉచితమే. 2021 జూన్ 1 నుంచి అన్నీ కలిపి 15 జీబీ దాటితే నెలనెలా కట్టాలి. నేను కడుతున్నాను, తప్పు పట్టను కూడా. సర్వర్లు నడపడానికి కరెంటు బిల్లు వాళ్ళకీ వస్తుంది. నా పట్టింపు ఒక్కటే: ఉచితం అన్న బోర్డు చూసి ఏకైక ప్రతిని అక్కడ పెట్టకూడదు.

గూగుల్‌కే టేకవుట్ అనే సదుపాయం ఉంది, 2011 నుంచీ ఉంది. మీ మెయిళ్ళు, ఫొటోలు, కాంటాక్టులు మూటగట్టి ఇస్తుంది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి ఆ మూట దింపి హార్డ్‌డిస్కులో పడేయండి. వాట్సాప్‌ని మాత్రం ఆల్బమ్ అనుకోకండి. అందులో పంపిన ఫొటో నలిగిపోతుంది. పెళ్ళి ఫొటోలు పంపాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఇక పుస్తకాలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే బయటికి దారి లేకపోతే ఏమవుతుందో మన భాష అనుభవించినంతగా చాలా భాషలు అనుభవించలేదు.

తొంభైల నుంచి విజయవాడలో, హైదరాబాదులో డీటీపీ సెంటర్లలో తెలుగు పుస్తకాలు ఎలా తయారయ్యాయో చూసినవాళ్ళు ఇక్కడున్నారు. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు, అను ఫాంట్లు, తెలుగు కొట్టడానికి యాపిల్ అనే కీబోర్డు లేఅవుటు. ఆపరేటరు తెర చూడకుండా కొట్టేవాడు. ప్రూఫులు దిద్దడం, ట్రేసింగ్ తీయడం, ప్లేటు చేయించడం. అచ్చు అందంగానే వచ్చేది, ఆ అక్షరాల ఒంపులకు నేనిప్పటికీ అభిమానినే. చిక్కంతా లోపలుంది. ఆ ఫాంట్లలో 'క' అనే అక్షరం కంప్యూటరుకి 'క' కాదు. ఇంగ్లిషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన గళ్ళలో తెలుగు ముక్కలు అమర్చారు: ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఇంకోచోట ఒత్తు. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనబడుతుంది. ఫాంటు తీసేస్తే తలాతోకా లేని గుర్తులు మిగులుతాయి. అందులో వెతకలేం, వాట్సాప్‌లో అతికించలేం, చూపు లేనివాళ్ళకు చదివిపెట్టే సాఫ్ట్‌వేరుకి అది అర్థం కాదు.

ఇది సాంకేతికత లేని కాలం కాబట్టి జరిగిందనుకుంటే సగమే నిజం. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లో సొంత గడి కేటాయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయితే అచ్చు పనికి ఆ ఒక్క ఫాంటు ఏం సరిపోతుంది? పేజ్‌మేకరుకి యూనికోడ్ తెలుగు రాదు. దాని ఆఖరి వెర్షన్ 7, అదీ 2001 నాటిదే. రేపటికల్లా పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాల్సిన ఆపరేటరు యూనికోడ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. అతన్ని నేను తప్పు పట్టను. పేజీలు కట్టే కొత్త సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో తెలుగు సవ్యంగా పనిచేయడం మొదలయ్యాక కూడా, మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నా, పాత పద్ధతే పట్టుకు వేలాడుతున్న ప్రచురణకర్తల మీద మాత్రం నాకు ఫిర్యాదుంది.

ఫలితం ఏమిటంటే, పాతికేళ్ళ కిందట కంప్యూటర్లోనే కొట్టిన పుస్తకాన్ని ఇవాళ మళ్ళీ కంప్యూటర్లోకి తేవడానికి కాగితం ప్రతిని స్కాన్ చేసి, ఓసీఆర్‌తో అక్షరాలు పట్టించి, తప్పులు దిద్దుతున్నారు. ఫైలు ఉండి కూడా! కన్వర్టర్లు ఉన్నాయి, వాడితే మంచిదే, కానీ ఒత్తుల దగ్గర, పొల్లుల దగ్గర తడబడతాయి, ప్రూఫు చూడక తప్పదు. తెలుగులో ప్రశ్న అడిగితే తెలుగులో జవాబు చెప్పే ఏఐ యాప్‌ల గురించి అందరూ మాట్లాడుతున్నారు. వాటి తెలుగు అప్పుడప్పుడూ డబ్బింగు సినిమాలా ఎందుకుంటుందని అడుగుతారు. మరి మన మంచి వచనంలో ఎంతో భాగం ఆ గుర్తుల మూటల్లో కట్టేసి ఉంది. యంత్రం లెక్కలో అది లేనట్టే.

అలాగని అంతా చీకటి కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇంగ్లిషు కీబోర్డు మీదే తెలుగు రాయించిన లేఖిని అనే వెబ్ పరికరం వెనక ఉన్నది, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం దగ్గర మనవాళ్ళు మొదలుపెట్టిన, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి. ఏ ప్రభుత్వమూ అడక్కుండానే ఇంజినీర్లు, గృహిణులు, రిటైరైన మాస్టార్లు రాత్రిళ్ళు కూర్చుని యూనికోడ్‌లో రాశారు. వాళ్ళు రాసింది ఇవాళ ఏ ఫోనులో తెరిచినా తెలుగులాగే తెరుచుకుంటుంది. అన్నట్టు, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, గుర్తుందా? కొద్ది రోజుల్లోనే ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6 అప్‌డేటు వదిలి సరిచేశారు. తెలుగు రాని లోకానికంతటికీ ఆ వారం మన అక్షరమొకటి పరిచయమైంది.

కాబట్టి ఇక్కడున్న రచయితలకు నా విన్నపం. పుస్తకం వేయించుకునేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటీ తీసుకుని వచ్చేయకండి. తుది ప్రూఫు దిద్దిన పాఠం యూనికోడ్‌లో ఇవ్వమని ముందే మాట్లాడుకోండి, కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది. పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి మెసేజిలో అతికించి చూడండి. తెలుగు వస్తే సరే. గుర్తులొస్తే డబ్బులు ఇచ్చే ముందే అడగండి.

ఆఖరి విషయం. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందే, ముఖ్యంగా పెద్దల ముందు. మన ఖాతాలు మనతోపాటే పోతాయా? రెండేళ్ళు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తీసేస్తామని 2023 మేలో గూగుల్ ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి అమలు. మెయిళ్ళు, ఫొటోలు అన్నీ అందులోనే. నాన్న పోయాక ఆయన ఫోను బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్ళు మనవి. ఫోను అక్కడే ఉంటుంది, లోపలున్న ఖాతా మాత్రం ఎవరికీ చెప్పకుండా మాయమవుతుంది. దీనికి గూగుల్‌లో ఒక ఏర్పాటుంది. మనం 3 నుంచి 18 నెలల మధ్య ఒక గడువు పెట్టుకోవచ్చు. అంతకాలం ఖాతాలో అలికిడి లేకపోతే, మనం ఎంచిన మనుషులకు, పదిమంది దాకా, మనం ఇవ్వమన్నవి అందుతాయి. ఆపిల్ వాళ్ళు కూడా 2021 చివర్లో లెగసీ కాంటాక్ట్ అని ఇలాంటిదే తెచ్చారు. బ్యాంకులో నామినీ పేరు రాయనివాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. గూగుల్ ఖాతాకి అలా పేరు రాసినవాళ్ళు ఎవరైనా ఉంటే చేతులెత్తండి... సరే, ఊహించిందే.

బాబూ, ఆ ప్రొజెక్టరు ఒకసారి వేయి. అందరూ ఫోన్లు తీయండి. కళ్ళజోళ్ళు మరిచిపోయినవాళ్ళు పక్కన కూర్చున్న పిల్లల సాయం తీసుకోండి, కానీ పాస్‌వర్డు మాత్రం మీరే కొట్టండి. సెట్టింగుల్లో గూగుల్ అని ఉంటుంది, అందులో మీ ఖాతా తెరిచి, డేటా అండ్ ప్రైవసీ నొక్కి, బాగా కిందికి జరపండి. డిజిటల్ లెగసీ అని కనబడుతుంది. కనబడిందా? వెనక వరుసవాళ్ళకి కూడా? అయితే దాన్ని నొక్కండి, గడువు దగ్గర్నుంచి మొదలుపెడదాం.