48 అంకెల తాళంచెవి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పరిచయం చేసిన మిత్రుడు నన్ను నిపుణుడన్నాడు. కాదండీ. చుట్టాల్లో ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా ముందు నాకు ఫోన్ చేస్తారు, నా అర్హత అంతే. నాకిచ్చిన అంశం ‘డిజిటల్ జీవితంలో భద్రత’. అంత పెద్ద మాట నా వల్ల కాదు. రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకుంటాం, పొద్దున మనం లేస్తాం, ల్యాప్‌టాప్ లేవదు. దాని గురించి మాట్లాడతాను. ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన సంచిలో అలాంటిదే తెచ్చానన్నారు. ఉన్నారా? ఆ, వెనక వరుసలో. ఉండండి, వెళ్లిపోకండి.

మొట్టమొదట, ఫార్మాట్ కొట్టొద్దు. ఎవరు చెప్పినా కొట్టొద్దు. అప్‌డేట్ తర్వాత ఆన్ కాని ల్యాప్‌టాప్‌లో మీ ఫైళ్లు చాలావరకు ఎక్కడివక్కడే ఉంటాయి. ‘అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు’ అని తెర మీద ఉంటే గంటైనా రెండు గంటలైనా ఓపిక పట్టండి. తెర నల్లగా ఉంటే క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతోందంటే లోపల ప్రాణం ఉంది, బొమ్మే రావట్లేదు. విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి, నాలుగూ ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దానికీ పలక్కపోతే చార్జరు, మౌసు, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేసి, పవర్ బటన్ అర నిమిషం అదిమిపట్టి, చార్జరు పెట్టి మళ్లీ ఆన్ చెయ్యండి.

లోగో దగ్గరే ఆగిపోతోందా? లోగో రాగానే పవర్ బటన్ అదిమి ఆపెయ్యండి. వరసగా రెండుసార్లు అలా చేస్తే మూడోసారి రిపేర్ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. నెలనెలా వచ్చేది క్వాలిటీ అప్‌డేట్, వెర్షన్ మార్చేది ఫీచర్ అప్‌డేట్. నిన్న వచ్చినదేదో దాన్ని తీసెయ్యండి. ఫీచర్ అప్‌డేట్‌కైతే మామూలుగా 10 రోజులే గడువు. లైనక్స్ వాడేవాళ్లు ఆన్ చెయ్యగానే వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) ఎంచుకుంటే చాలాసార్లు అక్కడితో సరి. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో పవర్ బటన్ వదలకుండా పట్టుకుంటే రికవరీకి దారి దొరుకుతుంది. మ్యాక్ గురించి నన్ను ఇంతకన్నా అడక్కండి.

ఇక్కడిదాకా తేలిక. నేనసలు వచ్చింది మా అక్క సంగతి చెప్పడానికి.

అక్క పరిశోధన చేసేది. ఆరేళ్ల పని. సమర్పించడానికి పన్నెండు రోజులుందనగా అప్‌డేట్ వచ్చింది. పొద్దున ఫోన్: “ఒరేయ్, నీలం తెర వచ్చిందిరా. 48 అంకెలు అడుగుతోంది. ఏం అంకెలురా అవి?” వెళ్లాను. బిట్‌లాకర్. డిస్కు మొత్తానికి తాళం వేసే ఏర్పాటు. ఆ తాళంచెవి టీపీఎం అనే చిప్పు దగ్గరుంటుంది. రోజూ ఆన్ చేసేటప్పుడు అంతా నిన్నటిలాగే ఉందా అని అది సరిచూసుకుని తలుపు తీస్తుంది. ఫర్మ్‌వేర్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే లోపలి సాఫ్ట్‌వేర్‌లో, ఏదైనా మారితే ‘మీరెవరు?’ అంటుంది. అప్పుడు అడిగే మారు తాళంచెవే ఆ 48 అంకెలు. దొంగ వస్తే అడగాల్సిందే. కానీ ఆ మార్పు తెచ్చింది దొంగ కాదు, అప్‌డేటే!

ఆ మారు చెవి మామూలుగా సెటప్‌లో ఇచ్చిన మెయిల్ తాలూకు మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచి ఉంటుంది. “నీ అకౌంటు ఏదక్కా?” అన్నాను. తన మెయిల్ చెప్పింది. అందులో లేదు. పాత మెయిల్‌లో లేదు. కాలేజీ మెయిల్‌లో లేదు. రెండు రోజులు ఆమెను తిట్టాను. చదువుకున్నదానివి, ఒక కీ రాసిపెట్టుకోలేవా అన్నాను. బ్యాకప్ ఏదంటే ఏడు నెలల కిందటి పెన్‌డ్రైవ్ చూపించింది. దానికీ తిట్టాను. ఆమె ఏమీ అనలేదు, కాగితాల మీద మూడో అధ్యాయం మళ్లీ రాయడం మొదలుపెట్టింది. చేత్తో.

మూడో రోజు రాత్రి గుర్తొచ్చింది. ఆ ల్యాప్‌టాప్ కొన్న రోజు సెటప్ చేసింది నేను. అది మెయిల్ అడిగితే, అక్క పక్కన లేదని, నా మెయిల్ కొట్టేశాను. ఫోన్‌లో నా అకౌంటు తెరిచాను. ఉంది. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలూ సరిపోయాయి. నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంది, అధ్యక్షా!

(చీటీ వచ్చింది. ఐదు నిమిషాలండీ, ఐదే.)

నా తప్పు నేను ఒప్పుకున్నాను. కానీ నాకో కోపం ఉంది. తాళం పడుతున్నప్పుడు ‘తాళం వేస్తున్నాను, చెవి ఫలానా చోట పెడుతున్నాను’ అని కొట్టొచ్చినట్టు చెప్పినవాడు లేడు. ఎన్నో ల్యాప్‌టాప్‌లలో సెటప్‌తోపాటే ఈ తాళం పడిపోతుంది. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచమంతటా విమానాలు, ఆసుపత్రులు తడబడ్డ రోజు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు. మందు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలోకి, వెళ్లి ఆ పాడు ఫైలు తీసెయ్యడం. కానీ తాళం ఉన్నచోట అక్కడిదాకా వెళ్లాలంటే ముందు 48 అంకెలు కావాలి. ఒక్కో యంత్రం ముందూ కూర్చుని కొట్టారు. ఇంకో విచిత్రం, 2025 అక్టోబరులో విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్ తర్వాత ఆ రిపేర్ తెరలోనే యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచెయ్యలేదు. అంబులెన్సుకే జబ్బు! కొద్ది రోజుల్లో సరిచేశారు లెండి.

అక్క ల్యాప్‌టాప్‌కి వస్తాను. అంకెలు కొట్టాక కూడా అప్‌డేట్ తీసెయ్యడానికి తొందరపడలేదు. రిపేర్ తెరలో కమాండ్ ప్రాంప్ట్ అని ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ ఉంటుంది, అందులో నోట్‌ప్యాడ్ అని కొట్టాను. ఫైల్, ఓపెన్, ఆల్ ఫైల్స్. డిస్కంతా కనిపిస్తుంది! అక్కణ్ణించే ఆ ఫోల్డరును కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. తర్వాతే అప్‌డేట్ జోలికి వెళ్లాను. అరగంటలో లేచి కూర్చుంది. అక్క మాత్రం చేత్తో రాసిన మూడో అధ్యాయమే బాగుందని దాన్నే మళ్లీ టైపు చేసుకుంది.

ఇప్పుడు ఒక పని. అందరూ ఫోన్లు తియ్యండి. సిగ్గుపడకండి, తియ్యండి. ఎకెఎ డాట్ ఎంఎస్ స్లాష్ మై రికవరీ కీ (aka.ms/myrecoverykey). మీ కీ అక్కడ ఉందో లేదో చూసి, ఉంటే కాగితం మీద రాసుకోండి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టొద్దు ఆ కాగితం! ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఆఫీసువాళ్లనే అడగండి. కీ ఎక్కడా దొరక్కపోతే తయారుచేసిన కంపెనీ కూడా దాన్ని తెరవలేదు.

వెనక వరుసలో ఉన్నాయనా, మీరు సంచితో ముందుకు రండి. చార్జరు తెచ్చారా? దాన్ని మొదట ఎవరి మెయిల్‌తో సెటప్ చేశారు? మీ అబ్బాయా? అయితే ముందు ఆ అబ్బాయికి ఫోన్ కలపండి.