48 అంకెల కాగితం

శ్రోతలకు నమస్కారం.

మా అక్కవాళ్లది ఒడిశాలోని పర్లాకిమిడి. అక్క కూతురు బీఎస్సీ చదువుతోంది. తన లాప్‌టాప్‌కి ఛార్జింగ్ ఒకసారి ఎక్కితే రెండుసార్లు ఎక్కేది కాదు. వారంటీ ఉంది కదా అని భువనేశ్వర్‌లోని సర్వీస్ సెంటర్‌కి పంపారు. పది రోజులకి మదర్‌బోర్డు మార్చి, పైసా తీసుకోకుండా తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నీలం తెర! 48 అంకెల రికవరీ కీ కొట్టమంటోంది. ప్రాజెక్టు రికార్డు, మా నాన్నగారి ఫోటోలు అన్నీ లోపలే ఉన్నాయి. అమ్మాయి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

సర్వీస్ సెంటర్ వాళ్ల తప్పేమీ లేదు. ఈమధ్య వచ్చే విండోస్ లాప్‌టాప్‌లు చాలావాటిలో మనం అడగకుండానే డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం పడుతుంది. ఆ తాళాన్ని తీసే టీపీఎం అనే చిప్పు మదర్‌బోర్డుతో పాటే ఉంటుంది. బోర్డు మారితే అది మారిపోతుంది. డిస్కు తెరుచుకోదు, ఆ 48 అంకెలు కావాలంటుంది.

ఆ అంకెలు మొదటిసారి లాప్‌టాప్ తెరిచిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటాయి. అమ్మాయి ఖాతాలో వెతికితే లేవు. అప్పుడు గుర్తొచ్చింది. కొన్న రోజు బరంపురం షాపులో కుర్రాడే తన ఈమెయిల్‌తో తెరిచి ఇచ్చాడు. పాపం, సాయం చేద్దామనే. అతనికి ఫోన్ చేస్తే ఖాతాలో వెతికి, ఒడియాలో అంకెలు చదివాడు. "ధీరే ధీరే కుహ, బాబూ", అంటే మెల్లగా చెప్పు బాబూ అంటూ మా అక్క విని, తెలుగులో చెబితే, అమ్మాయి కొట్టింది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. ఐదో గుంపులో ఒకటి తప్పు విన్నారు, కంప్యూటరే పట్టేసింది. మళ్లీ చదివించుకున్నారు. తెరుచుకుంది. అమ్మాయి ముందు తాతగారి ఫోటోలే చూసుకుంది.

అందుకే నేను ఒక్కటే అడుగుతున్నాను. లాప్‌టాప్ రిపేరుకి ఇచ్చే ముందు ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి. విండోస్ సెర్చ్‌లో బిట్‌లాకర్ అని కొడితే తాళం ఉందో లేదో తెలుస్తుంది. కీ మీ ఖాతాలోనే ఉందో లేదో చూసుకోండి. కాగితం లాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి, ఇంట్లో బీరువాలో పెట్టండి.

ఫోటోలు, రికార్డులు వేరే హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవడం ఎలాగూ తప్పదు. రిపేరులో డిస్కే మార్చేస్తే పాతది మన చేతికి రాకపోవచ్చు. ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్‌తో అన్నీ డిలీట్ చేసి పంపేవాళ్లు ఉన్నారు. డిలీట్ చేసినవాటిని మళ్లీ బయటికి తీసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. తాళం వేసిన డిస్కయితే కీ లేనివాళ్లకి అందులోవి చదవడం కుదరదు. కాబట్టి తాళం తీయించకండి. కీ మీ దగ్గర ఉంచుకోండి.

మా అక్క ఆ కాగితాన్ని ఇంటి పట్టా ఉన్న ఫైల్లోనే పెట్టింది. నమస్కారం.