ఆస్టోరియాలో మనవాళ్ల జాడ: చిన్న ఊరి పాత కాగితాలు ఎలా తిరగేయాలి

హాయ్ అండీ, అందరికీ నమస్తే. "ఎప్పుడూ కాస్ట్‌కో, వాల్‌మార్ట్‌లేనా, ఊళ్లేమీ చూపించవా" అని మా పెద్దమ్మ వాట్సాప్‌లో ఒకటే గోల. ఇదిగో పెద్దమ్మా, ఊరు. ఆరెగన్ రాష్ట్రంలో కొలంబియా నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆస్టోరియా. పోర్ట్‌లాండ్ నుంచి కారులో రెండు గంటల దారి. జనాభా పదివేలు, అంటే మన దగ్గర ఓ పెద్ద పంచాయతీ అంత.

ఇంత చిన్న ఊరితో మనకేం పని అంటారా? బ్రిటిష్ పాలన నుంచి ఇండియాకి స్వాతంత్ర్యం కోసం ఇక్కడి మనవాళ్లు పెట్టుకున్న గదర్ పార్టీకి పునాది పడింది ఇక్కడే, 1913లో. హామండ్ అనే కలప మిల్లులో పంజాబీలు పనిచేసేవాళ్లు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన కార్మికుల సోషలిస్ట్ హాలు ఉండేది, సభ అందులో పెట్టారు. విప్లవ నాయకుడు లాలా హర్‌దయాళ్ వచ్చి మాట్లాడారు. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడయ్యారు.

ఈ ఊళ్లో నాకు ముచ్చటేసే సంగతొకటి ఉంది. ఇంత ఊరికీ సొంత చరిత్ర సంఘం ఉంది, క్లాట్‌సాప్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ అని. మ్యూజియంలు నడుపుతారు, కమ్‌టక్స్ అని ఓ పత్రిక కూడా వేస్తారు. పాత కాగితం చూపించమంటే "మీరెవరి తాలూకు?" అని అడగరు. ఏ సంవత్సరం, ఏ విషయం అని అడుగుతారు, అంతే.

అలాగని మ్యూజియం దగ్గరికి నేరుగా వెళ్లిపోకండి. మొదటి పనంతా ఇంట్లో కూర్చుని చేసేదే. హిస్టారిక్ ఆరెగన్ న్యూస్‌పేపర్స్ అని యూనివర్సిటీ ఆఫ్ ఆరెగన్ వాళ్ల సైట్ ఉంది. పూర్తిగా ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. అందులో 'ఇండియన్' అని కొడితే ఇక్కడి ఆదివాసీల వార్తలు కుప్పలుగా వచ్చి పడతాయి. 'హిందూ' అని వెతకండి, చివర రెండు ఓలు పెట్టిన పాత స్పెల్లింగుతో మళ్లీ వెతకండి. సిక్కులైనా ముస్లింలైనా అప్పటి పేపర్లలో అందరూ హిందువులే. తేదీల దగ్గరా జాగ్రత్త. ఆ గదర్ సభ తేదీ మన పుస్తకాల్లో చాలావాటిలో 1913 ఏప్రిల్ 21 అని ఉంటుంది కదా, కానీ దాని మీద తేడాలున్నాయి, మీరు మాత్రం మే నెలాఖరు, జూన్ మొదటి వారం పేపర్లు కూడా తిరగేయండి.

జాబితాలో పేపర్ పేరు కనిపించినంత మాత్రాన అన్ని సంవత్సరాలూ స్కాన్ చేశారనుకోవద్దు. పేపర్ పేజీలోకి వెళ్లి మీకు కావాల్సిన సంవత్సరం ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే మైక్రోఫిల్మే (పేపర్ పేజీలు ఫొటో తీసిన రీలు) గతి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడిగితే రీలు తెప్పిస్తారేమో కనుక్కోండి. పాత అచ్చు చెదిరి ఉంటే కంప్యూటర్ అక్షరాలు తప్పు చదువుతుంది. వెతుకులాటలో రాలేదంటే వార్త లేదని కాదు, ఆ వారం సంచికలు కళ్లతో చూడాల్సిందే.

తర్వాత జనాభా లెక్కలు. ఫ్యామిలీసెర్చ్ అని వంశవృక్షాలు వెతికే సైట్ ఉంది, అందులో ఉచితంగా ఖాతా తెరవండి. అలాంటిదే యాన్సెస్ట్రీ అనే సైట్‌కి మాత్రం చందా కట్టాలి. పెద్దమ్మా, ఆ డబ్బుతో నీకు చీర వస్తుంది. చాలా లైబ్రరీల్లో అక్కడి కంప్యూటర్ మీద అదే యాన్సెస్ట్రీ ఉచితం.

పేరుతో వెతకడం దండగ, చాలామంది సింగ్‌లే. పైగా రాసిన గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. పుట్టిన దేశం ఇండియా, ఊరు ఆస్టోరియా, సంవత్సరం 1910 అని పెట్టండి. అసలు పేజీ బొమ్మ తెరిచి రంగు-జాతి గడి చూడండి. అక్కడ 'ఇన్' అని ఉంటే ఆదివాసీ. మనవాళ్లకి 'ఓటీ', అంటే ఇతరులు అని రాసి, జాతి పేరు పక్క మార్జిన్‌లో వేయాలని గుమాస్తాలకి చెప్పారు. అందుకే మార్జిన్ కత్తిరించకుండా సేవ్ చేసుకోండి. దేశానికి వచ్చిన సంవత్సరం, ఇంగ్లీషు వచ్చా రాదా, చేసే పని, అన్నీ అదే వరుసలో దొరుకుతాయి.

పెళ్లి గడి కూడా చూడండి. 'ఎమ్ 1' అంటే మొదటి పెళ్లి, పక్కనే ఎన్నేళ్లయిందో అంకె. ఆ గడిలో పెళ్లయినట్టు ఉండి, ఇంటి జాబితాలో భార్య పేరు లేని వరుస కనిపిస్తే, ఆవిడ ఇండియాలో సొంతూళ్లోనే ఉండిపోయి ఉంటుందన్నమాట. వీసా స్టాంపింగ్ ఆలస్యమైతేనే మనం అల్లాడిపోతాం. వాళ్లకి వీడియో కాల్ కాదు కదా, ఉత్తరం వెళ్లి జవాబు రావడానికే నెలలు పట్టేది.

సరే, మళ్లీ పనిలోకి. ఇల్లు ఎక్కడుందో తెలియాలంటే శాన్‌బోర్న్ మ్యాపులు. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీసినవి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితం. మామూలుగా అంగుళానికి యాభై అడుగులు. గులాబీ రంగు ఇటుక, పసుపు కర్ర. 'డి' అంటే నివాసం, 'ఎస్' అంటే దుకాణం. మిల్లు ఉన్నది ఊరి తూర్పు వైపు, ఆల్డర్‌బ్రుక్ దగ్గర, ఆ షీటు చూడండి. మార్పులొస్తే పాత షీటు మీదే కొత్త కాగితం అతికించేవాళ్లు, అందుకని పై తేదీ ఒక్కటే నమ్మొద్దు.

1922 డిసెంబర్ 8న ఊరి నడిబొడ్డు దాదాపు ముప్పై బ్లాకులు కాలిపోయాయి. వీధులే కర్ర స్తంభాల మీద కట్టినవి కాబట్టి మంట రోడ్డు కిందుగా పాకింది. హామండ్ మిల్లూ ఆ ఏడాదే కాలింది, పంజాబీలు చాలామంది ఊరొదిలారు. దుకాణాల పద్దులు దొరకలేదంటే ఆశ్చర్యమేమీ లేదు. పోర్ట్‌లాండ్ మార్నింగ్ ఆరెగోనియన్‌లో ఆస్టోరియా కబుర్లు వస్తుండేవి, అటు తిరగండి. 1917, 1918 సైనిక నమోదు కార్డులు కూడా మర్చిపోవద్దు. పౌరులు కానివాళ్లూ నమోదు చేసుకోవాల్సిందే కాబట్టి యజమాని పేరు, చిరునామా, సంతకం దొరుకుతాయి.

ఇంత పోగేసుకున్నాక మ్యూజియంకి మెయిల్ పెట్టండి. ఆర్కైవ్ ఉన్నది హెరిటేజ్ మ్యూజియంలో, 1904 నాటి పాత సిటీ హాల్ భవనం. "మావాళ్ల గురించి ఏమున్నాయి" అని రాస్తే వాళ్లేం చెప్తారు పాపం? "1909 నుంచి 1922 దాకా హామండ్ మిల్లు ఫొటోలు, ఆ ఏళ్ల డైరెక్టరీలు" అని రాయండి (డైరెక్టరీ అంటే ఊళ్లో ఎవరెక్కడ ఉండేవాళ్లో రాసిన పుస్తకం). అపాయింట్‌మెంట్ అడగండి. పెన్ను వద్దు, పెన్సిలే తీసుకెళ్లండి. ఫొటో తీస్తే ఫ్లాష్ ఉండకూడదు. ప్రతి ఫొటోకి ముందు పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు రాసిన చీటీని కూడా ఓ ఫొటో తీసుకోండి, లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఎక్కడిదో తెలియదు. వీడియోలో వాడాలంటే విడిగా అనుమతి అడగాలి. చాలా ఆర్కైవుల్లో దానికి వేరే రుసుము ఉంటుంది. ఆరెగన్‌లో అమ్మకం పన్ను లేదు, పత్రిక పాత సంచిక కొంటే అట్ట మీద ధరే కడతారు. మిగతా రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకి ఇదో పండగ.

"మన ఊరికి ఇలాంటివి లేవా" అంటారేమో. ఉన్నాయి. రెండొందల ఏళ్ల కింద కంపెనీ సర్వేయరు మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు కరణాల చేత రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మీ ఊరి పేరుతో అడిగి చూడండి.

చివరగా, ఒంగోలు వైపు వాళ్లు అడుగుతారని ముందే చెప్తున్నా. గదర్‌లో మన తెలుగాయన కనిగిరి దరిశి చెంచయ్య గారు కూడా ఉన్నారు. ఆయన కోసం ఆస్టోరియా 1910 లెక్కలు తిరగేయకండి. ఆయన అమెరికా వచ్చిందే 1912లో, అదీ మిల్లు పనికి కాదు, చదువుకి. ఆయన జాడ కాలిఫోర్నియాలో, బర్క్‌లీ వైపు వెతకాలి.