‘బెల్జియం గ్లాస్ సార్’ అని అమ్మిన వేలాడే దీపాలు: అసలు వీటి పేర్లేంటి?

నమస్తే అండి. ఇవాళ బల్ల మీద మూడు పాత గాజు దీపాలున్నాయి. మూడూ వేలాడదీసేవే, మూడూ కొవ్వొత్తి పెట్టుకునేవే. మూడు కొట్లలో కొన్నాను. ఇద్దరు "బెల్జియం గ్లాస్ సార్" అన్నారు. మూడో కొట్లో ఒక ముసలాయన "కందిలి" అన్నాడు. ఆ ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది ఆయనే. ఎందుకో చెప్తాను.

హైదరాబాద్‌లో పాత సామాను కొనేవాళ్లకి ఈ బెల్జియం మాట బాగా అలవాటే. చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు ఉన్నమాట నిజం. అలాగని ఊళ్లో దొరికే ప్రతి గాజు ముక్కా అక్కణ్ణుంచే ఊడిపడలేదు కదా.

సరే, ముందు ఈ పెద్దది. ముదురు నీలం, ఎత్తు 11 అంగుళాలు. కాస్త దగ్గరగా చూపిస్తాను. పొట్ట లావుగా ఉంది, మెడ దగ్గర సన్నబడింది, అంచు బయటికి విప్పారింది. ఏం గుర్తొస్తోంది? కుండ. దీని పేరూ అదే, హండీ. హిందీ, ఉర్దూల్లో హండీ అంటే వంట కుండ. వేలం కేటలాగుల్లో ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘హుండీ లాంతరు’ అని రాస్తారు. మొదటిసారి చదివినప్పుడు నాకు తిరుపతి హుండీ గుర్తొచ్చి, కానుకలేసే హుండీకీ లాంతరుకీ ఏంటి చుట్టరికం అని కాసేపు బుర్ర గోక్కున్నాను. తీరా చూస్తే ఇంగ్లీషు స్పెల్లింగ్ చేసిన పని అది.

కొవ్వొత్తిని కుండలో ఎందుకు పెట్టారంటారా? పంకా వల్ల. 19వ శతాబ్దంలో బంగళాల్లో, మహళ్లలో తాడుతో లాగే గుడ్డ పంకాలుండేవి. అది ఊగిందంటే విడి కొవ్వొత్తి ఒక్క నిమిషం నిలవదు. అందుకే దీపాన్ని గాజు కుండలోకి దించారు. ఈ ఆకారం లాంతర్లు ఇంగ్లండ్‌లో అంతకుముందే, 18వ శతాబ్దంలోనే, ఇళ్ల ముందు హాళ్లలో వేలాడేవి. వాటిని అక్కడ గంటతో పోల్చి బెల్ లాంతరు అన్నారు. ఒకే వస్తువు వాళ్లకి గంటలా, మనకి కుండలా కనిపించింది. నన్నడిగితే మన పేరే బాగుంది, నోరు పైకున్న గంటని నేనెక్కడా చూడలేదు.

మన దేశానికి ఈ రకం గాజు ఒక్క బెల్జియం నుంచే రాలేదు. ఇంగ్లండ్ సరుకూ చాలా వచ్చింది. బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆస్లర్ కంపెనీ కలకత్తాలో ఏకంగా షోరూమ్ పెట్టుకుంది. కాబట్టి ముద్రా, చీటీ ఏదీ లేని ముక్కకి దేశం పేరు తగిలించడం ఉత్త ఊహ. ఆకారాన్ని బట్టి హండీ అనండి, అక్కడితో ఆగండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. అందరూ దీపాన్ని తిరగేసి అడుగు చూస్తారు. అడుగున గరుకుగా మచ్చ ఉంటే, ఊదేటప్పుడు కడ్డీకి అంటించి విరిచిన గుర్తు అది. చేత్తో ఊదిన గాజు అని తెలుస్తుంది, ఎప్పటిదో తెలియదు. ఇప్పటికీ అలా ఊదేవాళ్లున్నారు. నేనైతే అంచు కింద చూస్తాను. ఈ మెడ చుట్టూ ఒక ఇత్తడి పట్టీ కూర్చుంటుంది, దానికున్న మూడు కొక్కేలకి మూడు గొలుసులు. ఏళ్ల తరబడి ఆ పట్టీ గాజుని రాస్తూ ఉంటే సన్నని గీతలు చుట్టూ ఉంగరంలా పడతాయి. ఇదిగో, టార్చి వెలుగులో కనిపిస్తున్నాయా? ఒక్కో చోట ఒక్కో లోతు. ఉప్పుకాగితంతో రుద్దిన గీతలు ఇలా ఉండవు, అన్నీ ఒకే వైపు, ఒకే లోతులో ఉంటాయి.

దీనికి ఒక లోపం ఉంది. గొలుసులు కలిసే చోట, పైన బోర్లించిన సాసరులాంటి చిన్న గాజు మూత ఉండాలి. పొగ మసి పైకప్పుకి అంటకుండా అది పట్టేస్తుంది. ఇంగ్లీషులో దాన్ని స్మోక్ బెల్ అంటారు. నా దానికి లేదు. అది లేదని తెలిసే బేరమాడాను, అమ్మినాయనకి మాత్రం అసలు అలాంటిది ఒకటి ఉండాలని తెలీదు. 6,500 ఇచ్చాను. పాత హండీల్లో చాలావాటికి తర్వాత కరెంటు పెట్టేశారు. అలాంటప్పుడు గాజుకి బెజ్జం వేసి ఉండొచ్చు, కొనేముందు చూసుకోండి.

రెండోది చిన్నది, అరచేతిలో పట్టేస్తుంది. తేనె రంగు, ఒంటినిండా డైమండ్ గళ్లు, మెడకి తీగ చుట్టి పిడిలా వంచారు. ముసలాయన కందిలి అన్నది దీన్నే. తెలంగాణలో పెద్దవాళ్లు లాంతరుని ఇప్పటికీ కందిలి అంటారు. అది అరబ్బీ ఖందీల్ నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్ కాండేలా. ఇంగ్లీషు క్యాండిల్ కూడా అక్కడిదే. కాబట్టి ఆయన తెలిసి అన్నా తెలియకన్నా, సరైన మాటే అన్నాడు.

ఇవి ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంలో తోటల్లో, ఆమె జూబిలీ సంబరాల్లో వరసగా తీగలకి కట్టి వెలిగించిన కప్పులు. కొవ్వొత్తి ముక్కో, నూనె వత్తో పెట్టేవాళ్లు. ఇంగ్లీషులో ఇల్యూమినేషన్ ల్యాంప్ అని వెతకండి, ఫెయిరీ లైట్ అన్నా దొరుకుతాయి. పెళ్లి మండపానికి కట్టే ఎల్ఈడీ తీగలకి ఆ పేరు రాకముందు సంగతిది. ఇక ఫెయిరీ ల్యాంప్ అంటే వేరు. అడుగున కప్పు, పైన గుమ్మటం, రెండు ముక్కలుంటాయి. 1880ల్లో శామ్యూల్ క్లార్క్ అమ్మినవి ప్రసిద్ధి, చాలా కప్పుల మీద ఆయన పేరు అచ్చులోనే పోసి ఉంటుంది.

దీని అంచు ముట్టుకుంటే చేతికి గీసుకుంటుంది. పగిలిందేమో అనుకుని నేను దాదాపు వదిలేశాను. ఇవి వందల లెక్కన వేలాడదీసే చవక సరుకు, అందుకే చాలావాటికి అంచు నున్నగా చేయలేదు. ఆ గరుకుదనమే ఇక్కడ మంచి గుర్తు.

మూడోది ఈ ఎర్రది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మూడు గొలుసులు, ఎర్ర గాజు, "నిజాం కాలం నాటిది, బెల్జియం" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే అచ్చు అతుకు గీత అడుగు నుంచి అంచు దాకా నిలువునా ఉంది. అంచు దగ్గర చిన్న పెచ్చు లేచిన చోట లోపల గాజు తెల్లగా ఉంది, అంటే ఎరుపు పైపూతే. గొలుసుకి అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది, ఇనుము మీద ఇత్తడి రంగు. పాత దీపాలకీ ఇనప గొలుసులుంటాయి కాబట్టి ఆ ఒక్కదాన్నే పట్టుకుని తేల్చకూడదు, కానీ మూడూ కలిశాక ఇంకేం మిగిలింది? ఆకారమైతే క్యాథలిక్ చర్చిలో దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రం చేసిన అప్పం, దాచిన చోట ఆరకుండా వెలిగే ఎర్ర దీపం నమూనా. నిజాంకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

గాజులో బుడగలున్నాయి కాబట్టి పాతదే అంటారు కొందరు. కొత్త చేతిపని గాజులోనూ బుడగలుంటాయి. యూవీ టార్చి గురించీ చాలామంది అడుగుతున్నారు. దాని కింద ఆకుపచ్చగా మెరిస్తే గాజులో యురేనియం ఉన్నట్టు. మాంగనీసు ఉన్నా కొంచెం మెరుస్తుంది. యురేనియం గాజు ఈ రోజుకీ తయారవుతోంది, కాబట్టి వయసు కోసం ఆ టార్చి కొనకండి.

నీలం హండీలో నేను నిజం కొవ్వొత్తి వెలిగించను. పాత గాజుకి కంటికి కనిపించని పగులుంటే వేడికి పెటిల్లుమంటుంది. బ్యాటరీ కొవ్వొత్తి పెట్టాను. ఎర్రదాన్ని బాల్కనీలో కట్టి, దాంట్లో మాత్రం ధైర్యంగా అసలు కొవ్వొత్తే పెడుతున్నాను.

మీ దగ్గర ఇలాంటివి ఉంటే కామెంట్లో చెప్పండి. ఇన్‌స్టాలో ఫొటో పంపేవాళ్లు మాత్రం దూరం నుంచి అందంగా తీసింది కాకుండా, పట్టీ ఊడదీసి అంచు కింద తీసింది పంపండి.