మా తాతకు రాలేదు కదా: మధుమేహం ముప్పు, వంద మంది లెక్క

నమస్కారం. తిండి, నడక, మధుమేహం అనే మూడు మాటలు ఎక్కడ కలిసినా ఎవరో ఒకరు తప్పకుండా అనే వాక్యం ఒకటి ఉంది: "మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, తొంభై ఏళ్లు బతికాడు, ఆయనకు షుగర్ రాలేదు కదా." దీనికి తోబుట్టువు లాంటి వాక్యం మరొకటి ఉంది: "మా బాబాయి రోజూ నడిచేవాడు, తీపి ముట్టేవాడు కాదు, ఆయనకు మాత్రం వచ్చింది." ఈ రెండూ నిజమే కావచ్చు, వాటితో నాకు పేచీ లేదు. వాటి ఆధారంగా తిండికీ జబ్బుకీ సంబంధమే లేదని, అంతా నుదుటిరాత అని తేల్చేసే తీరే నాకు ఎప్పటికప్పుడు చికాకు తెప్పిస్తుంది. మధుమేహం అంటే ఏమిటో, ఇన్సులిన్ ఏం చేస్తుందో మీకు తెలుసు కాబట్టి ఆ పాఠం జోలికి పోను. ముప్పు అనే మాటను పరిశోధకులు ఏ అర్థంలో వాడతారో, ఆ లెక్కలో తాతగారి స్థానం ఎక్కడో మాత్రం చూద్దాం.

[తెరపై వంద చుక్కలు]

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం నడిపిన భారతీయ మధుమేహ నివారణ కార్యక్రమం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందులో 35 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న 531 మంది పాల్గొన్నారు. వీరిలో ఎవరికీ అప్పటికి మధుమేహం లేదు, అయితే 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగిన రెండు గంటల తరువాత వీరి రక్తంలో చక్కెర 140కి పైన, 200కి లోపు ఉండిపోయింది, అంటే అందరూ గట్టు మీద నిలబడినవారే. వీరిని నాలుగు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మామూలు సలహాలు మాత్రమే ఇచ్చారు, రెండో గుంపు చేత తిండి, నడక అలవాట్లు మార్పించారు, మూడో గుంపుకు మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చారు, నాలుగో గుంపుకు ఈ రెండూ కలిపి అమలు చేశారు.

తెరపై ఉన్న ఒక్కో చుక్కనూ ఒక్కో తాత అనుకోండి. నిజానికి ఆ వయసువారిని తాతలు అంటే ఊరుకోరు గానీ, మన వాదన తాతతో మొదలైంది కాబట్టి తాతతోనే సాగిద్దాం. అలవాట్లు మార్చుకోని వంద మంది తాతల్లో మూడేళ్లు తిరిగేసరికి 55 మందికి మధుమేహం వచ్చింది. మిగిలిన 45 మంది ఏమీ మార్చుకోకుండానే ఆ మూడేళ్లూ క్షేమంగా గడిపారు. ఇప్పుడు మీ తాతగారు ఎక్కడున్నారో కనిపించింది కదా, ఆయన ఈ 45 చుక్కల్లో ఒకరు. ఆయన ఉన్నారన్నది అబద్ధం కాదు, ఆయనను చూపించి పక్కనున్న 55 చుక్కలను చెరిపేయడమే అబద్ధం.

[చుక్కలు మారతాయి]

ఇక తిండి, నడక మార్చుకున్న వంద మంది తాతల సంగతి. వీరిలో 39 మందికి వచ్చింది, 61 మందికి రాలేదు. నడిచినా, తీపి మానినా జబ్బు వచ్చిన మీ బాబాయి ఈ 39 మందిలో ఒకరు. ఆయన నడక వృథా అనడానికి వీల్లేదు, ఎందుకంటే 55కీ 39కీ మధ్య ఉన్న ఆ 16 మంది నడిచిన గుంపులోనే తేలారు. ఆ 16 మంది పేర్లు మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈ గుంపులో 45 మందికి నడవకపోయినా వచ్చేది కాదు, 39 మందికి నడిచినా వచ్చింది, మధ్యనున్న 16 మందికే ఆ శ్రమ అక్కరకు వచ్చింది, కానీ వారిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. జబ్బు రాని మనిషి ఒంట్లో "నడక వల్ల తప్పింది" అని రాసి ఉండదు కాబట్టి, ఒక్క మనిషి కథతో ఈ వాదనను గెలవడమూ కుదరదు, ఓడిపోవడమూ కుదరదు.

ఇక్కడే పత్రికల శీర్షికలతో మరో తికమక పుడుతుంది. చెన్నై ఫలితాన్ని "ముప్పు 28.5 శాతం తగ్గింది" అని రాస్తారు. అది తప్పేమీ కాదు, 55లో సుమారు 16 తగ్గితే అంతే వస్తుంది. చదివినవారు మాత్రం వంద మందిలో 28 మందికి తప్పిందనుకుంటారు. తప్పింది 16 మందికి, అంటే సుమారు ఆరుగురు నడిస్తే ఒకరికి చొప్పున. 2002లో వెలువడిన ఇలాంటిదే ఒక అమెరికా అధ్యయనంలో ఇదే సంఖ్య 58 శాతం. మన ఆరోగ్య వీడియోల్లో ఈ 58ని తెగ వాడుకుంటారు, కొందరైతే మన దేహాలు నడకకు లొంగవని కూడా దీని ఆధారంగా తేల్చేశారు. ఆ అధ్యయనంలోని వంద మంది తాతలను పిలిచి చూడండి: ఏమీ మార్చుకోనివారిలో మూడేళ్లకు సుమారు 29 మందికి వచ్చింది, మార్చుకున్నవారిలో సుమారు 14 మందికి వచ్చింది. 29, 14 అంటే సగమే కదా, 58 ఎలా అయిందని అడుగుతారేమో, ఆ 58ని ఏటేటా కొత్తగా జబ్బు పడేవారి రేటుతో లెక్కగట్టారు. తప్పించుకున్నవారు అక్కడ దాదాపు 15 మంది, చెన్నైలో 16 మంది. శాతంలో సగానికి సగం తేడా కనిపించిన చోట మనుషుల లెక్క దాదాపు ఒకటే. మనకు తేడా వచ్చేది మొదటి సంఖ్యలో, ఏమీ చేయకపోతే మూడేళ్లలో 55 అన్న సంఖ్యలో, భయపడితే దాన్ని చూసి భయపడాలి.

చెన్నైలో వారు చేసింది బ్రహ్మవిద్య కాదు. కూర్చుని పనిచేసేవారు రోజుకు కనీసం అరగంట చురుగ్గా నడిచారు, అప్పటికే ఒంటితో పని చేసేవారిని అదే కొనసాగించమన్నారు. తిండిలో మొత్తం పరిమాణం, శుద్ధి చేసిన ధాన్యాలు, నూనె తగ్గించి, చక్కెర మాని, పీచు పెంచారు. వారి బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ సంగతి నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే నెల రోజులు నడిచి, తూకం యంత్రం ముల్లు కదలలేదని మానేసేవారు మన చుట్టూ కోకొల్లలు. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది, నడక ఆపిన తరువాత కూడా కొన్ని గంటలపాటు ఇన్సులిన్‌కు మరింత బాగా స్పందిస్తుంది. ఈ పనికి ముల్లు కదలవలసిన అవసరం లేదు. అన్నట్టు, మాత్ర వేసుకున్న గుంపులో 40.5 శాతం మందికి, రెండూ కలిపిన గుంపులో 39.5 శాతం మందికి జబ్బు వచ్చింది, అంటే నడకకు మాత్రను జోడించినందువల్ల అదనపు లాభం కనిపించలేదు.

ఇప్పుడు తాతగారి కంచం చూద్దాం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా ఇళ్లలో ఆ తరం రోజూ తిన్నది జొన్న, సజ్జ, రాగి. తెల్లన్నం పండుగనాటి ముచ్చట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చి ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది, అది చిన్న విషయమని నేను అనను. అయితే "మూడు పూటలా అన్నమే" అన్నది అందరి తాతల విషయంలోనూ చరిత్ర కాదు, మన తినే తీరును వారికి అంటగట్టడం. డెల్టాలో అన్నమే తిన్న తాతలు కూడా దాన్ని పొలంలో అరగదీశారు. పైగా ఆ రోజుల్లో పల్లెలో రక్తపరీక్ష చేయించుకున్నవారు ఎందరు? కాలి పుండు మానక మంచం పట్టి పోయినవారికి షుగర్ లేదని ఎవరు పరీక్షించి చెప్పారు?

మన కంచంలో అన్నం గుట్టలా ఉంటుంది, పప్పు రెండు గరిటెలు, పక్కన బంగాళాదుంప వేపుడు, చివర పెరుగు కోసం మళ్లీ అన్నం. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా నడిపిన మధుమేహ సర్వే ఇండియాబ్ ఆధారంగా 2025లో వచ్చిన పత్రం ప్రకారం దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాలదే. ఇది చెన్నైలో లాగా ప్రయోగం కాదు, సర్వే నుంచి తీసిన అంచనా, కానీ అందులో మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా, తెల్లబియ్యం స్థానంలో గోధుమపిండిని గానీ చిరుధాన్యాల పిండిని గానీ పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండిపదార్థంలో కొంత భాగం తగ్గి, ఆ చోటును పప్పులో, పాలలో ఉండే ప్రొటీన్ ఆక్రమించినప్పుడు తగ్గినట్టు కనిపించింది. రాత్రిపూట అన్నం మాని అయిదు చపాతీలు తినేవారూ, కొర్రలు మంచివని రెండింతలు వడ్డించుకునేవారూ దీన్ని రెండుసార్లు వినాలి. షుగర్ రైస్ అన్న పేరుతో సంచుల్లో అమ్ముతున్న బియ్యానికీ ఇదే వర్తిస్తుంది, సంచి మీది పేరు కంచంలోని కొలతను మార్చదు. చెయ్యవలసింది గరిటెల లెక్క తారుమారు చేయడం: పప్పు, కూర పెద్ద వాటా, అన్నం చిన్న వాటా. వేపుడును ఆ కూర వాటాలో కలిపి లెక్కవేయవద్దు.

సమయం మించిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను.

"నేను సన్నగానే ఉన్నాను" అనేవారికి ఒక ఫొటో. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి అచ్చయ్యారు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక ఇద్దరికీ 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మనవారికి తూకం కంటే టేపు నమ్మకమైనది: నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. పొట్ట లోపలికి బిగించి కొలిస్తే ఆ కొలత ఎవరికీ పనికిరాదు.

చుట్ట, బీడీ, సిగరెట్ అనగానే ఊపిరితిత్తులే గుర్తుకు వస్తాయి గానీ, అవి మధుమేహం ముప్పును కూడా పెంచుతాయి. నిద్ర చాలకపోవడం కూడా ఇదే దారిలోకి తోస్తుంది. అమ్మకో నాన్నకో జబ్బు ఉంటే, ఏమీ చేయకపోతే వచ్చే ఆ మొదటి సంఖ్య మీ విషయంలో పెద్దదై ఉంటుంది, నడిచే వందలో చేరడానికి మరింత కారణం అదే.

చివరిగా పరీక్ష. 2023లో వెలువడిన ఇండియాబ్ లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, గట్టు మీద ఉన్నవారు 13.6 కోట్లు. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని 95 వచ్చిందని నిశ్చింతగా ఉండేవారిలో కొందరు తిన్న తరువాత గట్టు దాటుతుంటారు, మన దేశంలో ఇటువంటివారు తక్కువేమీ కాదు. చెన్నై అధ్యయనంలోకి ఆ 531 మందిని ఎంచింది గ్లూకోజు తాగిన రెండు గంటల పరీక్షతోనే. వైద్యుణ్ణి అడిగి మీరూ అదే చేయించుకోండి. ఆ రెండు గంటలూ ల్యాబులోనే కదలకుండా కూర్చోవాలి, టీ తాగకూడదు, మధ్యలో బయటికి వెళ్లి నడిచి రాకూడదు. అంకె 140 దాటితే వైద్యుడు ఏం చెబుతారో విని, నడక ఆ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.