ఆకు రాల్చిన అబీలియాను తవ్వి పారేయకండి

సభకు నమస్కారం. చలి ప్రాంతాల తోటల్లో అబీలియా గ్రాండిఫ్లోరా అనే పూలపొద పెంపకం గురించి మాట్లాడమన్నారు. నాటడం దగ్గర మొదలుపెట్టాలని రాసుకొచ్చాను గానీ, ఇందాక ముందు వరుసలో ఒకరు "మా పొద చలికి చచ్చిపోయింది, మొన్ననే తవ్వి పారేశాం" అనడం విన్నాక, ముందు నా తప్పు చెప్పుకోవాలనిపిస్తోంది.

నా మొదటి అబీలియా నాలుగేళ్లలో నా ఎత్తు దాటింది. ఐదో శీతకాలంలో నేల గడ్డకట్టి ఆకులన్నీ రాలిపోయాయి. వసంతంలో చుట్టూ ఉన్నవన్నీ చిగురించినా అది మాత్రం ఎండుపుల్లల మోపులా నిలబడింది. ఓపిక పట్టలేక పెకలించి, మొదలును గొడ్డలితో చీల్చాను. బెరడు కింద లేత పచ్చదనం, వేళ్లకు కాస్త పైన గోరంత ఎర్రటి మొగ్గలు మూడు కనిపించాయి. ఆ మూడు మొగ్గలను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఇది పాక్షిక సతతహరితం. చలి తక్కువైతే ఆకు నిలుపుకుంటుంది, ముదిరితే రాలుస్తుంది. గడ్డకట్టిన నేల నుంచి వేరు నీరు తీసుకోలేదు, పొడిగాలి మాత్రం ఆకుల్లోని తడిని లాగేస్తూనే ఉంటుంది. అందుకే ఆకు వదిలేసి పొద తనను తాను కాపాడుకుంటుంది. పైగా పూలు ఆ ఏటి కొత్త రెమ్మలకే పూస్తాయి కనుక, పైకొమ్మలు మాడిపోయినా మొదట్లోంచి లేచిన రెమ్మలు ఆ వేసవిలోనే తెల్లగా విచ్చుకుంటాయి. పువ్వు రాలాక కూడా రాగిరంగు రక్షకపత్రాలు చాలాకాలం నిలుస్తాయి.

అబీలియా అనే ప్రజాతి పేరు వెనుకా ఒక నష్టం ఉంది. 1816లో బ్రిటిష్ రాయబార బృందంతో చైనా వెళ్లిన వైద్యుడు క్లార్క్ ఏబెల్ సేకరించిన మొక్కలు, తిరుగు ప్రయాణంలో ఓడ మునగడంతో పోయాయి. సహచరుడికి ఇచ్చిన కొన్ని నమూనాలు మిగలబట్టి, వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఈ ప్రజాతికి ఏబెల్ పేరు పెట్టగలిగారు. మన తోటల్లోని గ్రాండిఫ్లోరా మాత్రం ఒక సంకరం, అది 1886లో ఇటలీలో పుట్టింది.

నాటడం గురించి క్లుప్తంగా చెబుతాను. గాలి తగలని గోడ పక్కన, ఎండ పడి నీరు నిలవని చోట, గడ్డమంచు కాలం దాటాక నాటండి. శరదృతువులో కత్తిరించకండి, వేసవి చివర నత్రజని ఎరువు వేయకండి. అప్పుడు వచ్చే లేత చిగురు తొలి మంచుకే మాడుతుంది. మొదటి శీతకాలాల్లో మొదలు చుట్టూ, కాండానికి తగలకుండా, ఆకుచెత్త పరవండి.

ముందు వరుసలోని అయ్యా, పారేసింది మొన్ననే అంటున్నారు కదా, ఇంటికి వెళ్లగానే ఆ మొదలు వెతికి బెరడును గోరుతో గీరి చూడండి. పచ్చగా ఉండి, వేళ్లు ఇంకా తడిగా ఉంటే, ఈ సాయంత్రమే మళ్లీ పాతిపెట్టండి.